కీసర వంతెన అవతల

బోటనీ ల్యాబులో పుష్పవతి ఎడమచేతి వేళ్ల మధ్య గడ్డిచామంతి కాడను నిలబెట్టి పట్టుకుని, కుడిచేత్తో బ్లేడును తనవైపు లాగుతోంది. వాచ్‌గ్లాసు నీళ్లలో తేలుతున్న ముక్కల్లో ఒక్కటీ పల్చగా తెగలేదు. ఇంకొకటి కోద్దామని బ్లేడు తడుపుకుంది. అప్పుడే మొదలైంది.

ముందు గుండె. వెనకనుంచి ఎవరో తరుముతున్నట్టు ఉన్నట్టుండి పరుగందుకుంది. తర్వాత పెదవుల చుట్టూ చీమలు పాకినట్టయింది. వేళ్లు తిమ్మిరెక్కి బ్లేడు జారి బల్లమీద పడింది. గాలి పీలుస్తోంది గాని అది గొంతు దాటి దిగడం లేదు. పక్కనున్న అమ్మాయి ఏదో అడుగుతోంది. ఆ మాట బావిలోనుంచి వస్తున్నట్టుంది. ఇక తాను చచ్చిపోతోందని పుష్పవతికి తెలిసిపోయింది. ఈ గోడల మధ్య, ఈ రంగునీళ్ల వాసనలో, అమ్మ దగ్గర లేకుండా.

స్టూలు తన్నుకుని బయటికి పరుగెత్తింది. వరండాలో స్తంభం పట్టుకోబోయి కిందికి జారిపోయింది.

కళ్లు తెరిచేసరికి చుట్టూ ఆడపిల్లలు మూగి ఉన్నారు. పొద్దున ఏమీ తినలేదేమో అంటోంది ఒకమ్మాయి. మొన్న బస్టాండులోనూ ఇట్టాగే పడింది అంటోంది ఇంకొకతె. బోటనీ చెప్పే కమలాకుమారి మేడమ్ వాళ్లను పక్కకు జరిపి, నేలమీదే కూర్చుని, పుష్పవతి తలను తన మోకాలికి ఆనించుకుంది.

"ఏమనిపించిందో చెప్పగలవా?"

"పోతున్నాననిపించిందండి."

మేడమ్ నవ్వలేదు. చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుంది. కాసేపటికి గుండె నెమ్మదించింది. ఒళ్లంతా చెమటతో తడిసిపోయింది. కానీ బతికే ఉంది. అదే ఆమెకు అర్థం కాని సంగతి. చావు అంత దగ్గరకు వచ్చి, ఏమీ పట్టుకుపోకుండా ఎలా తిరిగి వెళుతుంది? వెళ్లినది మళ్లీ ఎప్పుడు వస్తుంది?

ప్రిన్సిపాల్ తన గదికి పిలిపించాడు. కుర్చీలోంచి కదలకుండానే మాట్లాడాడు.

"చూడమ్మాయ్, మార్చిలో పరీక్షలు. హాల్లో ఇట్టా పడిపోతే మిగతా పిల్లలు బెదిరిపోతారు. రేపు నీకేమన్నా అయితే మీ నాన్న వచ్చి నన్నడుగుతాడు. ఈ ఏడాదికి ఇంటిపట్టున ఉండు. బాగైందని డాక్టరెవరైనా రాసిస్తే అప్పుడు చూద్దాం."

"సార్, క్లాసులో మొదటి నలుగురిలో ఉండే పిల్ల" అంది కమలాకుమారి.

"అందుకేగా మర్యాదగా చెబుతున్నా" అన్నాడాయన, ముందున్న కాగితాల మీదికి వంగుతూ.

నందిగామ బస్టాండు దాకా మేడమ్ తోడొచ్చింది. జగ్గయ్యపేట బస్సులో ముందు సీట్లో కూర్చోబెట్టి, చిల్లకల్లులో దింపమని కండక్టరుకు రెండుసార్లు చెప్పింది. దారి పొడవునా పుష్పవతి కుడిచేతి వేళ్లు ఎడమచేతి మణికట్టు మీదే ఉన్నాయి, నాడి ఆగిపోతే ముందుగా తనకే తెలియాలన్నట్టు.

మర్నాడు బసవయ్య కూతుర్ని సైకిలు వెనక ఎక్కించుకుని జగ్గయ్యపేట తీసుకెళ్లాడు. అక్కడి డాక్టరు ముందు గది నిండా జనం. ఆయన గొట్టం పెట్టి చూశాడు, చేతికి పట్టీ చుట్టి చూశాడు, నాలుక చూశాడు. తర్వాత తలుపు తీసి ఉండగానే బసవయ్యతో అన్నాడు:

"గుండె గుర్రం గుండెలా ఉంది. ఏ జబ్బూ లేదు. పరీక్షలంటే బెదురు, పడిపోయినట్టు నటిస్తోంది. సంబంధం చూసి పెళ్లి చేసెయ్యండి, అదే కుదురుకుంటుంది."

బయట బెంచీ మీదున్న ఆడవాళ్లు తలలు తిప్పి చూశారు. ఒకామె మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. పుష్పవతి చెవులు మండిపోయాయి. నాన్న ఏదో ఒకటి అంటాడని చూసింది. బసవయ్య మాట మీద నిలబడే మనిషి. నీళ్ల వంతు దగ్గర ఊళ్లో ఎవరితోనైనా ఢీకొంటాడు. ఆయన మాత్రం భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, "ఉంటామండి" అని బయటికి నడిచాడు.

పేట దాటాక, మెరక దగ్గర సైకిలు దిగి నడిపిస్తూ అడిగాడు.

"అది వచ్చినప్పుడు చేతులు తిమ్మిరెక్కుతాయా?"

"ఊఁ."

"మూతి చుట్టూ కూడానా?"

"ఊఁ."

ఆయన సైకిలెక్కి ఆమెను వెనక కూర్చోబెట్టుకున్నాడు.

అవి మిరపకోతల రోజులు. కళ్లం నిండా ఎర్రగా పరిచిన కాయ ఎండకు గలగల్లాడుతోంది. కూలోళ్లు వరసగా కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. మంచి కాయను ఒళ్లోంచి ముందుకు తోసి, తెల్లబారినదాన్ని వెనక్కు విసురుతున్నారు. కాయ నుంచి లేచే ఘాటు, ఆ కోరు గొంతుకు పట్టకుండా మూతులకు గుడ్డలు కట్టుకున్నారు. ఇంట్లో ఒంటరిగా ఉండలేక పుష్పవతి కూడా వచ్చి అమ్మ రాఘవమ్మ పక్కన కూర్చుంది. పుస్తకం తెచ్చుకుంది గాని తెరవలేదు. చదువుతుంటే మనసు అక్షరాల మీదినుంచి జారి గుండె దగ్గరకు పోతోంది. కొట్టుకుంటోందా. ఎక్కువగా కొట్టుకుంటోందా. ఇప్పుడు ఒక దెబ్బ తప్పిందా.

తనకు పిచ్చి ఎక్కుతోందేమో. ఆ మాట లోపల అనుకోవడానికే భయమేసేది. చిన్నప్పుడు బస్సుల రోడ్డు మీద ఒకామె చింపిరి జుట్టుతో, తనలో తాను మాట్లాడుకుంటూ పోయేది. పిల్లలు రాళ్లు వేసేవాళ్లు. ఆమె కూడా ఒకప్పుడు చదువుకున్నదేనని అనేవాళ్లు.

"గాలమ్మా, ఇది గాలే" అంది కాయ ఏరుతున్న పుల్లమ్మ, రాఘవమ్మ వైపు వంగి. "మునేటి అవతల ఒకాయనున్నాడు. వేపమండలతో నాలుగు తగిలిస్తే అరుచుకుంటా పోద్ది."

రాఘవమ్మ వద్దనలేదు. తల్లి చేతులు ఆగిపోవడం చూసి పుష్పవతికి ఎండలోనే ఒళ్లు జలదరించింది.

ఆదివారం కమలాకుమారి మేడమ్ వచ్చింది. బస్సు దిగి దారి అడుక్కుంటూ కళ్లం దాకా వచ్చేసరికి కోరుకు తుమ్ములు ఆగలేదామెకు. రాఘవమ్మ కంగారుగా మంచం వాల్చి, దుప్పటి పరిచి, మజ్జిగ తెచ్చింది. బసవయ్య గోనెపట్టా మీద కాయ తిరగేస్తున్నవాడల్లా చెక్కపార పక్కన పెట్టి దూరంగా నిలబడ్డాడు.

"బెజవాడలో ఒక డాక్టరు గారున్నారండి, అనంతపద్మనాభం గారని. ఇలాంటి పిల్లల్ని ఆయన బాగా చూస్తారు. మా చెల్లెలు కాలేజీలో ఉన్నప్పుడు ఆరు నెలలు గదిలోంచి బయటికి రాలేదు. ఆయన దగ్గరికే తీసుకెళ్లాం. ఇప్పుడు అది ఇద్దరు పిల్లల తల్లి, బ్యాంకులో పనిచేస్తోంది."

"ఏం డాక్టరండీ?" అంది రాఘవమ్మ.

"మనసుకు సంబంధించిన డాక్టరమ్మా."

"పిచ్చి డాక్టరా?" రాఘవమ్మ గొంతు సన్నబడింది. కూలోళ్ల వరస వైపు ఒకసారి చూసి, ఇంకా తగ్గించింది. "మా పిల్లకు పిచ్చేం లేదండీ."

"లేదు. నేనూ అదే చెబుతున్నా. కాలుకు దెబ్బ తగిలితే వెళ్లమా? ఇదీ అంతే. ఆయన రాసిస్తే ప్రిన్సిపాల్ గారు కాదనలేరు. అయితే అమ్మో నాన్నో తప్పకుండా రావాలి. ఇంటివాళ్లతో మాట్లాడకుండా ఆయన మందు రాయరు."

బసవయ్య కదిలాడు. "మా బావమరిది బుల్లిబాబును పంపుతా."

"మీరు వస్తేనే బాగుంటుందండి."

"కోతలు నడుస్తున్నయ్యి. నాకు కుదరదు."

"ఒక్క పూట..."

"వద్దులెండి మేడమ్ గారూ" అన్నాడు బసవయ్య. ఆ మాట కరుకుగా ఉంది. "మీరింత దూరం వచ్చారు, సంతోషం. చదివింది చాలు. ఇంట్లోనే ఉంటది. మా పిల్లను మేం చూసుకుంటాం."

మేడమ్ గ్లాసు మంచం కోడు పక్కన పెట్టి లేచింది. వెళ్తూ వెళ్తూ పుష్పవతి భుజం మీద చెయ్యి వేసి, డాక్టరు ఉండే వీధి గుర్తు చెప్పింది. గవర్నరుపేటలో ఫలానా మందుల షాపు మేడమీద. పుష్పవతి తల ఊపింది గాని మాటలు తలకెక్కలేదు. నాన్న తనను చూసి సిగ్గుపడుతున్నాడు. జగ్గయ్యపేటలో అందుకే ఏమీ అనలేదు. ఇక తలుపులు వేసేస్తారు. తను ఇంట్లో ఉంటుంది, అది వస్తూ ఉంటుంది, ఒక రోజు నిజంగానే పట్టుకుపోతుంది.

మేడమ్ వెళ్లాక రాఘవమ్మ అంది, "పోనీ నేను తీసుకుపోతా."

"నీకు బెజవాడ ఏం తెలుసు?"

"నీకు తెలుసా మరి?"

బసవయ్య భార్య వంక చూసి, పార అందుకుని కాయలోకి దిగాడు.

మర్నాడు మధ్యాహ్నం మళ్లీ వచ్చింది. బుట్ట ఎత్తబోతుంటే చేతులు వంకర్లు పోయి, పుష్పవతి మిరపకాయల మీదే కూలబడింది. ఊపిరి కోసం ఎగబీలుస్తుంటే కోరు లోపలికి పోయి దగ్గు, దగ్గుతో ఇంకా భయం. "అమ్మా, పోతున్నానే" అని రాఘవమ్మ చీర గుప్పిట్లో పట్టుకుంది. కూలోళ్లు లేచి వచ్చారు. పుల్లమ్మ ఎవరినో కేకేసి మునేటి అవతలికి కబురు చెయ్యమంది. ఈసారి రాఘవమ్మ ఏడుస్తూ, "పంపండమ్మా, ఏదో ఒకటి చెయ్యండి" అంది.

పుష్పవతికి అన్నీ వినిపిస్తున్నాయి. వేపమండలు. జుట్టు పట్టుకుని ఈడ్వడం. అరుపులు. పోవాల్సిన గాలి ఏదీ తనలో లేదనీ, పోకపోతే వాళ్లు కొడుతూనే ఉంటారనీ తెలిసి ఒళ్లు ఇంకా బిగుసుకుపోయింది.

పరుగెత్తుకొచ్చిన బసవయ్య జనాన్ని నెట్టుకుని లోపలికి దూరాడు. కూతురు చేతులు చూశాడు, మూతి చూశాడు. ఆయన మొహంలో రక్తం లేదు.

"దాని మీద ఎవుడన్నా చెయ్యేస్తే ఊరుకోను" అన్నాడు. "ఎవురూ ఎక్కడికీ కబురు పెట్టబళ్లేదు. పొండి, పనిచూసుకోండి." తర్వాత ఎటో చూస్తూ, "పొద్దున మేం బెజవాడ పోతన్నాం" అన్నాడు.

తెల్లారి బస్సు వేళకు చలిగా ఉంది. బసవయ్య చలవ పంచె కట్టి, తల దువ్వుకుని, రోడ్డు పక్కన కూతురికి కాస్త ఎడంగా నిలబడ్డాడు. బస్సు రాగానే పుష్పవతి ఎక్కి ఆడవాళ్ల సీట్లో కూర్చుంది. ఆయన ఆఖరున ఎక్కాడు. సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోకుండా తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

నవాబుపేట దాటేసరికి పుష్పవతికి తెలిసింది, వస్తోందని. బస్సులో వస్తే ఎటు పరుగెత్తాలి? ఆపమంటే ఆపుతాడా? నాన్న ఎంత దూరంలో ఉన్నాడో చూసుకుందామని వెనక్కి తిరిగింది.

బసవయ్య కడ్డీని రెండు చేతులా కరుచుకుని ఉన్నాడు. ఆ చలిలో ఆయన నుదుటి నుంచి చెమట ధారగా కారుతోంది. కళ్లు తలుపులోంచి పరుగెత్తే రోడ్డునే చూస్తున్నాయి. నోరు కొంచెం తెరిచి, చేపలా గాలి కోసం కొట్టుకుంటున్నాడు. ఒక చెయ్యి కడ్డీ వదిలి రొమ్ముమీదికి వచ్చింది. దాని వేళ్లు విచ్చుకోవడం లేదు.

పుష్పవతికి తన భయం ఎక్కడికి పోయిందో తెలియలేదు. అద్దంలో ఎప్పుడూ చూసుకోని తన మొహాన్ని చూస్తున్నట్టుంది.

నందిగామలో బస్సు ఆగీ ఆగకముందే బసవయ్య దూకేశాడు. కూతురు ఉందో లేదో కూడా చూసుకోలేదు. పుష్పవతి జనాన్ని తోసుకుని దిగేసరికి బస్టాండు వెనక, సోడా బండి అవతల గోడకు ఆనుకుని నేలమీద కూర్చుని ఉన్నాడు. చలవ పంచె అంతా దుమ్ము. వాళ్ల బస్సు హారన్ కొట్టుకుంటూ బెజవాడ వైపు వెళ్లిపోయింది.

ఆమె ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"గుండెనా నాన్నా?"

తల ఊపాడు.

"చేతులు తిమ్మిరా?"

తల ఊపాడు.

"తగ్గిద్ది. ఇప్పుడు ఎక్కువగా ఉంటది, కాసేపాగితే దిగిద్ది. నాకు ప్రతిసారీ దిగింది." ఆ మాట తనే అంటోందా అనిపించింది. బిగుసుకున్న ఆయన వేళ్లను ఒక్కొక్కటే విప్పుతూ కూర్చుంది. మట్టి పనికి కాయలు కాసిన వేళ్లు. ఆ వేళ్లను ఆమె చిన్నప్పుడు తప్ప ఇలా పట్టుకోలేదు.

చాలాసేపటికి బసవయ్య ఊపిరి ఒక దారికి వచ్చింది. తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. లోపల్నుంచి మాట వచ్చింది.

"నీకంటే చిన్నప్పుడు మొదలైంది. బస్సెక్కితే వస్తది, తలుపులేసిన గదిలో వస్తది. కీసర వంతెన దాటి నేనెప్పుడూ పోలా. మీ అమ్మకొక్కదానికే తెలుసు."

కాయ లోడుతో గుంటూరు ఎప్పుడూ బుల్లిబాబు మామయ్యే వెళ్లేవాడు. మేనత్త బెజవాడ ఆసుపత్రిలో పోయినప్పుడూ నాన్న వెళ్లలేదు. రాతి గుండె అన్నారంతా.

"మరి మేడమ్ చెప్పినప్పుడు ఎందుకు వద్దన్నావు?"

"ఆయన అడుగుతాడు గదా, ఇది ఎవరినుంచి వచ్చిందని." తువ్వాలు తీశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నా దగ్గర్నుంచే నీకంటుకుంది. పిల్లను నేనే చెడగొట్టా. అది ఆయన నోటితో వినలేక."

సోడా బండివాడు గోలీ సోడా కొట్టిన చప్పుడుకు ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నవ్వొచ్చేదే, ఇంకో రోజయితే.

"ఇంటికి పోదామా?" అంది పుష్పవతి. నిజంగానే అడిగింది. పోదామంటే పోవడానికి సిద్ధంగానే ఉంది.

బసవయ్య రోడ్డు రెండువైపులా చూశాడు. "పోతే నిన్ను కొడతారు" అన్నాడు. "నేనెంతకాలం కాపు కాస్తా?"

తర్వాతి బస్సులో ఆయన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి తను పక్కన కూర్చుంది. ఆడవాళ్ల సీటని ఎవరో గొణిగారు. పుష్పవతి వినిపించుకోలేదు. ఐతవరం దాటాక ఆయన చెయ్యి ఆమె మణికట్టును పట్టుకుంది. కీసర వంతెన ఎక్కేసరికి ఆ పట్టు ఎముకలు నలిగేలా బిగిసింది. కింద మునేరు సన్నగా, ఇసకమేటల మధ్య మెరుస్తోంది. పుష్పవతి గుండె కూడా దడదడలాడుతోంది. ఇద్దరికీ ఒకేసారి వస్తే ఎవరు ఎవరిని పట్టుకోవాలి?

"ఇప్పుడు మూతి" అంది నెమ్మదిగా.

"ఊఁ."

"తర్వాత ఊపిరాడనట్టుంటది. ఆడుతూనే ఉంటది."

"ఊఁ."

వంతెన అయిపోయింది. బస్సు కంచికచర్ల వైపు తిరిగింది. బసవయ్య కళ్లు మూసుకునే ఉన్నాడు గాని చెయ్యి మాత్రం వదల్లేదు, బెజవాడ దాకా.

మందుల షాపు మేడమీద బెంచీలన్నీ నిండి ఉన్నాయి. కాలేజీ కుర్రవాడొకడు తల వంచుకుని తల్లి పక్కన కూర్చున్నాడు. ఒకమ్మాయి గోళ్లు కొరుకుతోంది. అందరూ మామూలు మనుషుల్లాగే ఉండటం పుష్పవతికి వింతగా తోచింది. గొలుసులూ, అరుపులూ ఉంటాయనుకుంది.

డాక్టరు అనంతపద్మనాభం పెద్దాయన. గొట్టం బల్లమీదే ఉంది, తీయలేదు. ఆమె చెబుతున్నంతసేపూ అడ్డు రాకుండా విన్నాడు.

"పాము కనపడితే గుండె కొట్టుకోవాలి, కాళ్లు పరుగెత్తాలి" అన్నాడు చివరికి. "అది ఒంటికి కాపలా. నీకు పాము లేకుండానే ఆ కాపలా కేక పెడుతోంది. దానికి వైద్యం ఉంది. దీంతో చావరమ్మా. పిచ్చీ ఎక్కదు."

"నటిస్తున్నానన్నారండి."

"అన్నవాళ్లకు ఒక్కసారి వస్తే తెలుస్తుంది."

మాత్రలు రాశాడు. ఊపిరి పొట్టలోకి తీసుకుని మెల్లగా వదలడం తనే చేసి చూపించాడు. భయం పోయేదాకా ఆగకుండా రేపటినుంచే కాలేజీకి వెళ్లమన్నాడు. తలుపు దగ్గర కూర్చోనివ్వమని ప్రిన్సిపాల్‌కు రాసి ఇచ్చాడు. నెల తర్వాత మళ్లీ రమ్మన్నాడు. తర్వాత బసవయ్య వైపు తిరిగాడు.

"ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?"

గోడ గడియారం కొట్టుకుంటోంది. పుష్పవతి నేల వైపు చూస్తూ కూర్చుంది. అది తను చెప్పాల్సిన మాట కాదు.

"లేదండి" అన్నాడు బసవయ్య.

డాక్టరు చీటీ పుష్పవతి చేతికిచ్చాడు. ఇద్దరూ నమస్కారం పెట్టి బయటికి వచ్చారు. మెట్ల దగ్గరకు వచ్చి బసవయ్య ఆగాడు. కాంపౌండరు ఇంకో పేరు పిలుస్తున్నాడు. తల్లి పక్కనున్న కుర్రవాడు లేవబోతున్నాడు. బసవయ్య తువ్వాలు భుజం మీదినుంచి చేతిలోకి తీసుకున్నాడు.

"నువ్విక్కడ ఒక్కదానివే కూర్చోగలవా అమ్మాయ్?"

ఒంటరిగా, ఊరుకాని ఊళ్లో, ఎవరూ తెలియని చోట. ఆ ఊహకే అరచేతులు తడిశాయి. "కూర్చుంటా" అంది.

బసవయ్య ఆ కుర్రవాడి తల్లితో ఏదో చెప్పుకుని, తలుపు తోసి లోపలికి వెళ్లాడు. తలుపు ఆయన వెనక మూసుకుంది.

పుష్పవతి బెంచీ చివర కూర్చుంది. గుండె వేగం పెరుగుతోంది. డాక్టరు చూపించినట్టు పొట్టలోకి గాలి తీసుకుని వదిలింది. సగం వచ్చింది, సగం రాలేదు. లేచి పరుగెత్తాలనిపించింది. మూసిన తలుపు వైపు చూస్తూ బెంచీ అంచు పట్టుకుంది.

కాంపౌండరు వచ్చి, ఆమె చేతిలో మందుచీటీ చూసి అడిగాడు.

"పేషెంటు నువ్వే కదమ్మా? నీ పని అయిపోయిందిగా. ఇంకా కూర్చున్నావేం?"

బెంచీల మీదివాళ్లు తలలెత్తి చూశారు. పుష్పవతి బెంచీ అంచు వదిలింది.

"లోపల మా నాన్నండి" అంది, అందరికీ వినపడేలా. "ఆయన చూపించుకుంటున్నారు."